చాయ్ పెట్టమనే సీను: అనిమేలో, ప్రేమ గేముల్లో ఫ్యాన్ సర్వీస్ ఎవరి కోసం?

నల్లగొండలో మా ఇంట్లో టీవీ హాల్లోనే ఉంటుంది. మా దగ్గరుండి డిగ్రీ చదువుతున్న మేనల్లుడు రాత్రి తిన్నాక దానికి ఫోన్ కలిపి అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, పెడతాడు. అమ్మ కూడా మంచం మీద ఒరిగి చూస్తుంది. తెలుగు డబ్బింగే కాబట్టి ఆమెకు ఇబ్బంది లేదు, రాక్షసులను కత్తితో నరికే కథలంటే ఇష్టం కూడా. కథ మంచి రసపట్టులో ఉండగా వాడు ఉన్నట్టుండి "అమ్మమ్మా, జర చాయ్ పెట్టవా?" అంటాడు. అమ్మ వంటింట్లోకి పోగానే వాడి బొటనవేలు ఫోన్ మీద రెండుసార్లు ఆడుతుంది, టీవీలో బొమ్మ ఇరవై సెకన్లు ముందుకు దూకుతుంది. ఒక్క వారంలో నాలుగుసార్లు ఇదే తంతు. "వీనికి చాయ్ మీద గింత పాయిరం ఎప్పటికెల్లిరా?" అని అమ్మ నన్నడిగింది.

ఆ ఇరవై సెకన్ల పేరే ఫ్యాన్ సర్వీస్. వాడు ముందే ఒక్కడే చూసేశాడు, ఏది ఎక్కడొస్తుందో వాడికి తెలుసు. ఇదివరకు ఈ గొడవ ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో చూసే కుర్రాళ్ల మధ్యే ఉండేది. ఇప్పుడు అనిమే చూపించే ఓటీటీ క్రంచీరోల్ తెలుగు డబ్బింగులు తెచ్చింది. 2025 సెప్టెంబర్ 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' మన థియేటర్లలో తెలుగులోనూ విడుదలైంది. అనిమే ఫోన్ నుంచి హాల్లోకి వచ్చింది. దాంతోపాటే ఒక ప్రశ్న కూడా వచ్చింది: ఈ సీన్లు అసలెందుకు? కథకు మేలు చేస్తున్నాయా, చెడగొడుతున్నాయా?

ఫ్యాన్ సర్వీస్ అంటే ఒళ్లు చూపించడమేనా?

కాదు. జపాన్‌లో ఈ మాటకు అసలు అర్థం అభిమాని సంతోషం కోసం అదనంగా వడ్డించేది అని. పాత సిరీస్‌లోని పాత్ర కొత్తదాంట్లో ఒక్క నిమిషం కనిపించడం, రోబో మీద ప్రతి బోల్టునూ ముద్దుగా గీయడం, అభిమానులు కోరుకున్న ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టడం, అన్నీ ఇందులోవే. మనకిది కొత్తేం కాదు. హీరో ఎంట్రీకి ముందు చెప్పులు చూపించి, తర్వాత చెయ్యి, ఆఖరికి మొహం చూపించడం ఏమిటి? తాతగారి పాటకు మనవడితో స్టెప్పేయించడం ఏమిటి? కథకు అక్కర్లేదు, విజిల్‌కు కావాలి.

అయితే వాడుకలో ఫ్యాన్ సర్వీస్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది శృంగారపు వడ్డనే: పొట్టి బట్టలు, 'పొరపాటున' జరిగే ఇబ్బందికర సన్నివేశాలు, అవసరం లేనిచోట ఆగి చూసే కెమెరా. సిరీస్ మొత్తం ఇదే సరుకైతే దాన్ని 'ఎచ్చి' అంటారు. ఒక అబ్బాయి చుట్టూ అయిదారుగురు అమ్మాయిలు తిరిగే కథైతే 'హారెమ్'. ఫ్యాన్ సర్వీస్ వీటికంటే చిన్నది. ఏ కథలోనైనా, ఎంత గంభీరమైన కథలోనైనా చిటికెడు పడొచ్చు. గొడవంతా ఆ చిటికెడు గురించే.

1995 అక్టోబర్‌లో టీవీకొచ్చిన 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' ఈ మాటను దాచుకోలేదు. చాలా ఎపిసోడ్ల చివర వచ్చేవారం కథ చెప్పే మిసాతో పాత్ర "వచ్చేసారి కూడా సర్వీస్, సర్వీస్!" అని హుషారుగా ముగించేది. అదే సిరీస్ పోనుపోను మనుషుల ఒంటరితనం, నిస్పృహల్లోకి దిగిపోయింది. దర్శకుడు హిదెయాకి అన్నో 1997 సినిమా ముగింపులో థియేటర్‌లో కూర్చున్న ప్రేక్షకుల దృశ్యాలను తెర మీద వేశాడు. వడ్డించిన చేత్తోనే విస్తరి లాగేయడం అంటే అదే.

బుడ్డర్‌ఖాన్ చేసే పని

చాయ్ సంగతి చివరికి అమ్మకు తెలిసిపోయింది. వాడు సిగ్గుపడుతుంటే ఆమె నవ్వి, "మా ఊర్ల చిందోళ్ల ఆట అయితుంటే నడిజాము రాత్రి బుడ్డర్‌ఖాన్ వచ్చెటోడు. ఆని మాటలకు మొగోళ్లు ఇరగబడి నవ్వుతుంటే ఆడోళ్లం కొంగులు నోట్లె పెట్టుకునేది. గట్ల నవ్వియ్యకుంటే తెల్లారెదాంక ఎవ్వలు మేల్కొని ఉంటరు?" అంది. అమ్మది దేవరకొండ దగ్గర పల్లె. చిందు యక్షగానం రాత్రంతా సాగే ఆట. అందులో నవ్వించడానికి వచ్చే పాత్ర బుడ్డర్‌ఖాన్. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసే పనీ దాదాపు ఇదే.

ఫ్యాన్ సర్వీస్‌ను సమర్థించేవాళ్ల మొదటి వాదన అమ్మ నోట్లోంచి వచ్చింది. బరువైన కథకు మధ్యలో ఊపిరి కావాలి, మొరటు హాస్యం లేని జనం కళ ఎక్కడా లేదు. రూమికో తకహషి సృష్టించిన 'ఉరుసెయ్ యత్సురా' 1981లో టీవీకొచ్చింది. అందులో పులిచారల బట్టల్లో ఎగురుతూ తిరిగే గ్రహాంతర యువతి లమ్‌ను చూసి నవ్వుకున్నది మగపిల్లలొక్కరే కాదు. ఆ కథ రాసిందీ స్త్రీయే. ఆ హాస్యంలో ఎక్కువ దెబ్బలు తినేది వెర్రి హీరో అతారు.

కానీ ఒక తేడా ఉంది. బుడ్డర్‌ఖాన్ వచ్చాడంటే కథ పక్కకు జరిగిందని చూసేవాళ్లకు తెలుసు. వాడి పని వాడు చేసుకుని పోతాడు, రాణి వేషం రాణిగానే ఉంటుంది. మా వాడు చాయ్ అడిగే సీన్లలో నవ్వించడానికి వేరే వేషగాడు రాడు. అప్పటిదాకా కత్తి పట్టి కొట్లాడిన అమ్మాయినే బుడ్డర్‌ఖాన్ పనికి వాడుకుంటారు.

42 వేల యెన్లు పెట్టేవాడి మాట

ఇంత అవసరమా అనిపించే చోట డబ్బు దారి చూస్తే సగం చిక్కు విడిపోతుంది. జపాన్‌లో పెద్దవాళ్ల కోసం తీసే అనిమే చాలావరకు అర్ధరాత్రి దాటాక ప్రసారమవుతుంది. సిరీస్ ఖర్చును ప్రచురణ సంస్థ, మ్యూజిక్ కంపెనీ, బొమ్మల కంపెనీ వంటివి కలిసి 'నిర్మాణ కమిటీ'గా పెట్టుకుంటాయి. చాలాకాలం ఆ ఖర్చు తిరిగి రాబట్టే పెద్ద దారి డీవీడీలు, బ్లూ-రేలు.

లెక్క కోసం ఒక సిరీస్ అనుకుందాం. 12 ఎపిసోడ్లు, డిస్కుకు రెండు చొప్పున 6 డిస్కులు. ఒక్కోటి 7 వేల యెన్లు. మొత్తం కొనే అభిమాని పెట్టేది 42 వేల యెన్లు. అలాంటివాళ్లు 5 వేలమంది దొరికితే 21 కోట్ల యెన్లు. మరో 5 లక్షలమంది టీవీలో ఊరికే చూసి, మెచ్చుకుని, ఒక్క డిస్కూ కొనలేదనుకోండి, డిస్కుల పద్దులో వాళ్లు సున్నా. ఇప్పుడు నిర్మాత ఎవరి ఇష్టం చూస్తాడు? టీవీలో ఆవిరితోనో అర్థంలేని వెలుగు చారతోనో కప్పిన సీన్లను డిస్కులో కప్పకుండా ఇవ్వడం ఈ లెక్కలోంచి పుట్టిన వ్యాపారమే. ఆ వెలుగు చార కొనమని చెప్పే బోర్డు.

దీన్నిబట్టి ఫ్యాన్ సర్వీస్ పరిశ్రమను బతికించిందని కొందరంటారు. కొంత నిజం: చిన్న స్టూడియోలకు ఆ 5 వేలమందే దిక్కయిన రోజులున్నాయి. అయితే ఒళ్లు చూపించిన సిరీస్ ప్రతిదీ అమ్ముడుపోలేదు, కథ లేక చప్పబడిపోయినవి కోకొల్లలు. ఇంకోవైపు హిరోము అరకావా 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' మాంగా (జపాన్ కామిక్స్) 2001 నుంచి 2010 దాకా నడిచింది. శృంగారపు వడ్డన దాదాపు లేకుండానే ప్రపంచమంతా చదివించింది, చూపించింది. 2020లో వచ్చిన 'డీమన్ స్లేయర్: ముగెన్ ట్రైన్' సినిమా జపాన్‌లోనే 4 వేల కోట్ల యెన్లు దాటింది, పిల్లలనూ తల్లిదండ్రులనూ కలిపి కూర్చోబెట్టింది. అలాగని వడ్డన లేకపోతేనే హిట్టవుతుందని ఇవి రుజువు చేయవు. వాటి వెనక కోట్ల ప్రతులు అమ్ముడైన మాంగాలున్నాయి, వాటికి 5 వేలమంది మీద ఆధారపడే అవసరమే లేదు.

ఇప్పుడు దారి మారుతోంది. జపాన్ అనిమే సంఘం లెక్కల ప్రకారం 2020లో తొలిసారి విదేశాల మార్కెట్ జపాన్ లోపలి మార్కెట్‌ను మించింది. నెలవారీ చందా కట్టి చూసేవాడు డిస్కు కొనేవాడిలాంటి వీరాభిమాని కాదు. మా ఇంట్లోలాగా పక్కన అమ్మమ్మ ఉంటుంది. ఇబ్బందిపడితే సిరీస్ మార్చేస్తాడు. వడ్డన పూర్తిగా పోతుందని దీనర్థం కాదు. ఎచ్చి సిరీస్‌లు వేరే గదిలోకి, కుటుంబంతో చూసేవి హాల్లోకి చీలిపోతాయని నా అంచనా.

ఒకే దర్జీ, రెండు యూనిఫాంలు

మేలా కీడా అన్నది బట్ట కొలతతో తేలదు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 'డీమన్ స్లేయర్'లోనే ఉంది. రాక్షసులను వేటాడే దళంలో మిత్సురి అనే యువతి యూనిఫాం ఛాతీ దగ్గర తెరిచి ఉంటుంది. చూడగానే ఇదొక ఫ్యాన్ సర్వీస్ బొమ్మ అనుకుంటాం. నిజమే, అదే. కానీ ఆ కథ రాసిన కొయొహరు గోతోగె దాన్ని అక్కడితో వదల్లేదు. ఆ బట్టలు కుట్టే దర్జీ బుద్ధి మంచిది కాదు. అందరివీ ఇలాగే ఉంటాయని అతను చెబితే మిత్సురి అమాయకంగా నమ్మి వేసుకుంది. షినోబుకూ అలాంటిదే కుట్టిచ్చాడు. ఆమె దాన్ని అతని ముందే కాల్చేసింది.

ఒకే యూనిఫాం, ఇద్దరు మనుషులు. ఒకామె ఎదుటివాళ్లను ఇట్టే నమ్మేస్తుంది, ఇంకొకామె చిరునవ్వు చెరగకుండా అగ్గిపెట్టగలదు. రాసినవారి తెలివి ఇది. దీనికి ఇంకో వైపూ ఉంది: దర్జీని తిడుతూనే ఆ బట్టను తెరమీద చూపిస్తూనే ఉన్నారు కదా అని మా మేనకోడలు నిలదీసింది. "తప్పు దర్జీదే అని చెప్పి, చూపెట్టుడు మాత్రం ఆపరు. గిదేం లెక్క మామా?" నా దగ్గర గట్టి జవాబు లేదు.

అట్సుషి ఒకుబో 'ఫైర్ ఫోర్స్' 2019లో అనిమేగా వచ్చింది. అగ్నిప్రమాదాలు, చనిపోయినవాళ్లకు చేసే ప్రార్థనలు, గంభీరమైన కథ. అందులో తమాకి అనే అగ్నిమాపక సభ్యురాలు ఎక్కడ అడుగేసినా అవమానకరమైన 'ప్రమాదం'లో పడుతుంది, ప్రాణాల మీదికొచ్చే పోరాటం మధ్యలో కూడా. అభిమానులే విసుక్కున్నారు. ఆమెకు ధైర్యం ఉంది, శక్తి ఉంది, కానీ ఆమె సీను మొదలైతే చాలు చూసేవాడికి భయం పోతుంది. ఎవరో చస్తారన్న టెన్షన్‌ను దర్శకుడే చేతులారా చల్లార్చుకున్నాడు. నీతి సంగతి పక్కన పెట్టినా కథ చెప్పడంలోనే ఇది నష్టం.

నేను చూసుకునే గుర్తు ఒకటే. ఆ ఇరవై సెకన్లలో ఆ పాత్ర తన మనసుతో ఉందా, చూసేవాడి కోసం కాసేపు తనను తాను మరిచిపోయిందా? మొదటిదైతే ఎంత తక్కువ బట్టయినా కథ తట్టుకుంటుంది. రెండోదైతే నిండుగా కప్పినా తట్టుకోదు.

వయసు దగ్గర వాదన ఆగుతుంది

పై మాటలన్నీ పెద్ద వయసు పాత్రలకే సరిపోతాయి. అనిమేలో చాలా కథలు బడుల్లో జరుగుతాయి, తమాకి వయసు కూడా 17 ఏళ్లే. ఇవాంజెలియన్‌లో రోబోలు నడిపే పిల్లలకు 14. అక్కడ 'హాస్యం', 'ఊపిరి' లాంటి వాదనలు నిలబడవు. ఇవి గీసిన బొమ్మలే, ఎవరికీ గాయం కాలేదు అన్నది ఒక వైపు వాదన. పిల్లల్ని అలా చూడటం మామూలేనని బొమ్మలు అలవాటు చేస్తాయన్నది రెండో వైపు. జపాన్ 2014లో పిల్లల అశ్లీల చిత్రాలను దగ్గర ఉంచుకోవడాన్ని నేరం చేసినప్పుడు మాంగా, అనిమేలను ఆ సవరణలో కలపలేదు. మన సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 67బి అయితే పిల్లలను అసభ్యంగా చూపే డిజిటల్ బొమ్మలను తయారుచేయడం, వెతకడం, డౌన్‌లోడ్ చేయడం అన్నింటినీ ప్రస్తావిస్తుంది. అక్కడ చెల్లింది ఇక్కడా చెల్లుతుందనుకుంటే పొరపాటు. నామటుకు నాకు ఈ విషయంలో రెండు వైపులూ సమానంగా కనిపించవు.

ఓటీటీలకు 2021 నియమాలు యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని వయసు గుర్తులు పెట్టాయి. సిరీస్ మొదలయ్యేటప్పుడు తెర మూలన అది కనిపిస్తుంది. బొమ్మలు కదా, పిల్లలవే అయ్యుంటాయని ఎవరూ దాన్ని చదవరు. షిన్‌చాన్‌నే 2008లో మన దగ్గర కొంతకాలం ఆపేయించిన సంగతి అప్పటి తల్లిదండ్రులకు గుర్తుండొచ్చు.

ప్రేమ గేముల్లో లెక్క వేరు

అనిమేలో శృంగారం కథకు పక్కవాయిద్యం. ప్రేమ గేముల్లో దగ్గరవడమే కథ. ఎక్కువగా ఇవి 'విజువల్ నవలలు': బొమ్మ, కింద మాటలు, మధ్యమధ్య మీరు ఎంచుకోవాల్సిన జవాబు. ఎవరివైపు మొగ్గితే వారితో సాగే కథ దారి, అంటే 'రూట్', తెరుచుకుంటుంది. ఆడవాళ్ల కోసం చేసినవి 'ఒటోమె' గేములు. 1994లో కోయెయ్ కంపెనీలో స్త్రీల బృందం చేసిన 'ఆంజెలిక్' వాటికి మొదటిదని చెబుతారు.

అదే 1994లో కొనామి 'తోకిమెకి మెమోరియల్' తెచ్చింది. అందులో అశ్లీలం లేదు. మూడేళ్ల హైస్కూల్లో చదువు, ఆటలు, ఒంటి తీరు అన్నీ అంకెలుగా పెంచుకోవాలి. ఒకరినే పట్టుకుని మిగతావాళ్లను పట్టించుకోకపోతే వాళ్ల పేరు పక్కన బాంబు గుర్తు పడుతుంది. అది పేలితే బడంతా మీ మీద చెడ్డ మాట. చివరికి చెట్టుకింద ఒక అమ్మాయి 'నువ్వంటే ఇష్టం' అనాలి, అంతే. ఇంతోటి దానికి జపాన్ కుర్రాళ్లు ఊగిపోయారు. అంటే ప్రేమ గేములో అసలు వడ్డన ఒళ్లు చూపించడం కాదు, 'నిన్ను ఎంచుకున్నారు' అన్న మాట. అది ఒంటికంటే బలమైన వడ్డన. 2009లో వచ్చిన 'లవ్‌ప్లస్' గడియారంతో పాటే నడిచే స్నేహితురాలిని చేతిలో పెట్టింది. మరుసటేడు అతామి పట్టణం ఆ గేము ఆడేవాళ్లను విహారానికి రమ్మని పిలిచింది.

శృంగార సీన్లు కథకు ఎంత అవసరమో తేల్చడానికి అనిమేలో దొరకని వసతి గేముల్లో ఉంది. ఒకే కథ రెండు రకాలుగా అమ్ముడైంది. కీ అనే గేముల సంస్థ 'కానన్'ను 1999లో పెద్దలకు మాత్రమే అని కంప్యూటర్‌కు తెచ్చింది. తర్వాత ఆ సీన్లు తీసేసి అందరి కోసం ఇంకో కూర్పు వచ్చింది. కథ చెక్కుచెదరలేదు. టైప్-మూన్ సంస్థ 'ఫేట్/స్టే నైట్' 2004లో పెద్దల గేమే, 2007లో ప్లేస్టేషన్ 2 కోసం ఆ సీన్లు తీసేసి గొంతులు చేర్చారు. ఇవాళ ఆ పేరు మీద నడిచే అనిమేలు, గేములు, సినిమాలు చూసేవాళ్లలో చాలామందికి మొదటి కూర్పు ఎలా ఉండేదో తెలియనే తెలియదు. అసలు అభిమానులే ఆ సీన్ల రాతను చూసి నవ్వుకుంటారు.

ఇంతటితో తేలిపోయిందనుకుంటే మళ్లీ ముడి పడుతుంది. ఫేట్‌లోని మూడో రూట్‌కు ఒక పాత్ర ఇంట్లో అనుభవించిన హింసే మూలం. దాన్ని మెత్తబరిచాక బరువు తగ్గిందని వాదించేవాళ్లున్నారు, వాళ్ల మాట తీసిపారేయలేం. కీ సంస్థే 2007లో 'లిటిల్ బస్టర్స్'ను అందరి కోసం తెచ్చి, 2008లో కొత్త రూట్లతో పాటు పెద్దల సీన్లు కలిపి మళ్లీ అమ్మింది. తీసినా అమ్ముడైంది, కలిపినా అమ్ముడైంది. ఆ సీన్లు తొలినాటి మార్కెట్లో తలుపు తెరిచే టికెట్టు లాంటివని, ఇంట్లోకి వచ్చినవాణ్ని కూర్చోబెట్టింది రాత అని నాకనిపిస్తుంది.

ఫోన్‌లో వచ్చే గచా గేముల్లో ఈ మాట వర్తించదు. అక్కడ కథ ఉచితం, పాత్ర కొత్త బట్టలు కావాలంటే లాటరీలాగా డబ్బు తీయాలి. ఫ్యాన్ సర్వీస్ అక్కడ కథ మధ్యలో వచ్చే ఇరవై సెకన్లు కాదు, షాపులో అమ్మే వస్తువు. మగపిల్లలకే వల అనుకోవద్దు. 2024 జనవరిలో వచ్చిన 'లవ్ అండ్ డీప్‌స్పేస్' ఆడవాళ్ల కోసం చేసింది. అనిమేలో 2013 నాటి ఈతగాళ్ల సిరీస్ 'ఫ్రీ!' కూడా అంతే, కెమెరా అబ్బాయిల భుజాల మీద ఆగుతుంది. మేనకోడలు ఇది చూస్తుందని మేనల్లుడికి తెలిసిన రోజు మా ఇంట్లో జరిగిన యుద్ధం రాయను. ఇద్దరూ ఎదుటివాళ్లది సిగ్గుమాలిన పని అన్నారు.

ఇక ఎవరికేది అమ్మాలో తేల్చేది ఆడేవాళ్లూ, చేసేవాళ్లూ మాత్రమే కాదు. 2025 జులైలో కార్డు, చెల్లింపుల సంస్థల ఒత్తిడితో ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్ కొన్ని పెద్దల గేములను తొలగించింది. అలాంటిదే ఇంకో దుకాణం ఇచ్.ఐఓ తన దగ్గరున్న పెద్దల గేములను వెతికితే కనిపించకుండా చేసింది. వాటిలో హింసను కీర్తించే చెత్త ఉంది, పోయినందుకు ఎవరూ ఏడవలేదు. అదే వలలో ఒంటరిగా కూర్చుని చిన్న గేము రాసుకున్నవాళ్లవీ పడ్డాయి. మంచీ చెడూ చదివి తేల్చాల్సిన పని బిల్లు వసూలు చేసేవాడి చేతికి పోయింది.

మా వాడు ఈమధ్య 'క్లన్నాడ్' ఆడుతున్నాడు. 2004లో మొదటినుంచీ అందరి కోసమే వచ్చిన కీ గేము అది. ల్యాప్‌టాప్ హాల్లోనే పెట్టుకుంటాడు, దాచుకోవాల్సింది ఏమీ లేదు. కథ ప్రేమ దగ్గర ఆగదు. పెళ్లి, అద్దె గది, కరెంటు పని, పుట్టిన బిడ్డ, మాట్లాడని తండ్రి దాకా పోతుంది. మొన్న రాత్రి పన్నెండు దాటాక హాల్లోంచి వాడి గొంతు వినపడింది, బొంగురుగా: "అమ్మమ్మా, జర చాయ్ పెట్టవా?"

అమ్మ లేచి లైటు వేయబోతే వద్దన్నాడు.